మంచం పట్టిన మనిషి ఇంటికి వెళ్ళేదెవరు?

పునీత స్తెఫాను పేరు చెప్పగానే ఆయనను రాళ్ళతో కొట్టి చంపిన ఘట్టమే మనకు గుర్తుకు వస్తుంది. ఆయనను అసలు ఏ పనికోసం ఎన్నుకున్నారో అంతగా గుర్తుపెట్టుకోము. అపోస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తెరచి చూడండి. యెరూషలేములోని తొలి సంఘంలో విశ్వాసుల సంఖ్య పెరిగింది. ప్రతిదినం వితంతువులకు పంచే సహాయం గ్రీకు మాట్లాడే వితంతువులకు సరిగా అందడం లేదని సణుగుడు బయలుదేరింది. అపోస్తలులు ఆ సణుగుడును కొట్టిపారేయలేదు. పని పెరిగింది, చేసే చేతులు చాలడం లేదు, ఉన్న చేతులు కూడా కొందరి గడప దగ్గరే ఆగిపోతున్నాయి అని గ్రహించారు. ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘానికే అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అందడం లేదో వారి భాష తెలిసినవారి చేతికే పని ఇచ్చినట్లు కనబడుతుంది.

ఈ వారం పాఠానికి ఈ ఘట్టాన్ని తీసుకోవడానికి కారణం ఉంది. అలాంటి సణుగుడే మన అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి ప్రాంతాల్లో ఇంటింటా వినబడుతుంది. పక్షవాతంతో పడిపోయిన తండ్రి, తుంటి ఎముక విరిగిన అవ్వ, క్యాన్సరుకు ఇక మందు లేదని పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపించిన తల్లి. వీరు ఆసుపత్రికి రాలేరు. ఆసుపత్రి వీరి ఇంటికి రాదు. మరి వీరి దగ్గరికి ఎవరు వెళ్ళాలి? ఎన్నాళ్ళకొకసారి వెళ్ళాలి? వెళ్ళి ఏం చేయాలి?

ఇంటి వద్ద వైద్యసేవ అంటే డాక్టరుగారిని కారులో ఇంటికి పిలిపించుకోవడం అని చాలామంది అనుకుంటారు. అందులో డాక్టరు పని తక్కువ. పుండుకు కట్టు మార్చడం, యూరిన్ పైపు సంగతి చూడడం, బి.పి., షుగరు చూసి మాత్రలు సరిగా వేసుకుంటున్నారో లేదో కనుక్కోవడం, పడిపోయిన చేతికి, కాలికి వ్యాయామం చేయించడం, రోగిని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం, అన్నం తినిపించడం, స్నానం చేయించడం, కాసేపు కూర్చుని మాట్లాడడం. ఈ పనులన్నీ కలిస్తేనే ఆ సేవ. ఇందులో ఏ పని ఎవరిది అన్న ప్రశ్నను మనం ఎప్పుడూ విడదీసి ఆలోచించలేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందుగా ప్రభుత్వం మనుషులను ఎలా లెక్క కట్టి ఇస్తుందో చూద్దాం. మైదాన ప్రాంతంలో 5,000 మంది జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం, అంటే మనం సబ్ సెంటర్ అనేది. మనలాంటి గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త అన్నారు. అడవి గూడేల్లో వెయ్యి మంది ఒకచోట ఉండరు కనుక, అక్కడ ఆవాసానికి ఒకరిని పెట్టుకోవచ్చని సడలింపు ఇచ్చారు. ఈ సడలింపులో మంచి ఆలోచన ఉంది. తలలు లెక్కపెడితే చాలదు, దారి కూడా లెక్కపెట్టాలి అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు.

అయితే దారిని లెక్కపెట్టడం అంటే ఏమిటో ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఇంట్లో పదవ తరగతి చదివే పిల్లవాడుంటే వాడి చేత చేయించండి. ఒక ఏ.ఎన్.ఎం. నర్సమ్మ ఉదయం 9 గంటలకు బయలుదేరి సాయంత్రం 4 గంటలకు తిరిగి రావాలి అనుకుందాం. అంటే 420 నిమిషాలు. ఒక రోగి దగ్గర 40 నిమిషాలు పడుతుందనుకుందాం. అశ్వారావుపేట టౌనులో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి 10 నిమిషాలు చాలు. ఆ లెక్కన రోజుకు 8 ఇళ్ళు చూడగలదు. అదే నర్సమ్మ అడవి దారిన గూడేనికి వెళ్ళాలంటే పోను గంటన్నర, రాను గంటన్నర. మిగిలింది 240 నిమిషాలు. గూడెంలో ఇళ్ళు విసిరేసినట్లు ఉంటాయి, ఇంటికీ ఇంటికీ 20 నిమిషాలు వేసుకుంటే 4 ఇళ్ళు. జీతం అదే, కష్టం రెట్టింపు, రిజిస్టరులో కనబడే పని సగం. పై అధికారి నెలాఖరున ఎన్ని ఇళ్ళు తిరిగావు అని మాత్రమే అడిగితే, ఆ నర్సమ్మ ఎటు వెళుతుంది? ఆమెను తప్పుపట్టి లాభం లేదు. అడిగిన ప్రశ్నే ఆమెను టౌను వైపు నెడుతోంది.

ఇక వర్షాకాలం సంగతి వేరే చెప్పాలా? వాగు పొంగితే ఆ 4 ఇళ్ళు కూడా లేవు. 2024 జూలైలో గుమ్మడవల్లి దగ్గర పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మన మండలంలోని ఊళ్ళతో పాటు కింద ఉన్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ళు కూడా నీట మునిగాయి. ఆ రెండు మండలాలు 2014 వరకు మన ఖమ్మం జిల్లావే. రాష్ట్ర విభజనతో అవి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. 2016లో మనం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాం. వాగు ఒకటే, చుట్టరికాలు ఒకటే, ఆదివారం సంత కూడా ఒకటే కావచ్చు. కాని ఇటు నర్సమ్మ రిజిస్టరులో అటు గూడెం పేరుండదు. సరిహద్దు ఊళ్ళలో ముసలివారిని చూడబోతే ఈ గీత ఎంత బరువైనదో తెలుస్తుంది. అవ్వ నిన్నటిదాకా ఇటు కూతురింట్లో ఉంది, ఈ నెల అటు కొడుకింటికి వెళ్ళింది. ఆమె బి.పి. మాత్రలు ఏ రాష్ట్రం లెక్కలోవి?

పసిబిడ్డల విషయంలో ఇంత గందరగోళం లేదు. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలుసా? గోదావరికి అవతల ఒడ్డున ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువు ఉన్న పల్లె స్త్రీలకే నేర్పించి, ఇంటింటికీ పంపి, నవజాత శిశువుల మరణాలను 62 శాతం తగ్గించారు. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తల చేత ఆ పని చేయిస్తున్నారు.

ఆ పద్ధతి బలం ఎక్కడుంది? పని ఇదీ అని విడమరచి నేర్పారు. తేదీలు ఖాయం చేశారు. తిరిగిన దానికి డబ్బు కట్టారు. మంచం పట్టిన ముసలమ్మకు ఈ మూడింటిలో ఏది ఉంది? 2018 తరువాత వృద్ధుల సేవ, నయం కాని జబ్బుల్లో నొప్పి తగ్గించే సేవ కూడా సబ్ సెంటర్ చేయవలసిన పనుల్లో చేర్చారు. మన రాష్ట్రంలో చాలా సబ్ సెంటర్లు పల్లె దవాఖానాలయ్యాయి. సంతోషమే. అయినా మన పల్లెల్లో ఎవరినైనా అడగండి. పసిబిడ్డ దగ్గరికి ఆశా ఎప్పుడు వస్తుందో చెబుతారు. ముసలమ్మ దగ్గరికి ఏ రోజున ఎవరు వస్తారో చెప్పలేరు. తేదీ లేని పని ఎప్పుడూ రేపటి పనే అవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఆశా కార్యకర్తలను ప్రభుత్వ కాగితాలు ఉద్యోగులు అనవు, స్వచ్ఛంద సేవకులు అంటాయి. మన రాష్ట్రంలో వారి పారితోషికాన్ని 2022లో 7,500 నుంచి 9,750 రూపాయలకు పెంచారు. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు గౌరవ పురస్కారం ప్రకటించింది. మరుసటి ఏడాది, 2023లో, స్థిరమైన వేతనం 18,000 కావాలని మన ఆశాలు సమ్మెకు దిగారు. పురస్కారంతో పొయ్యి వెలగదు కదా. ఇళ్ళు తిరిగే మనిషికి కూలిరేటు కూడా గిట్టకపోతే, ఆ పని మానేసి పామాయిల్ తోటలోకి గెలలు ఎత్తడానికి పోతే, ఎవరు తప్పుపడతారు? సేవ అనే మాటను చూపి కూలి ఎగ్గొట్టడం న్యాయం కాదని శ్రీసభ సామాజిక బోధన 1891లో పదమూడవ లియో పోపుగారి కాలం నుంచి చెబుతూనే ఉంది. మన విచారణల్లో పనిచేసే ఆయాలకు, వంటమనుషులకు కూడా ఇదే కొలత వర్తిస్తుంది. అదొక పెద్ద పాఠం, మరోసారి చూద్దాం.

చేతులు చాలకపోవడానికి మరో కారణం కూడా ఉంది. మన చేతులు దూరదేశాలకు పోతున్నాయి. పక్కనున్న గోదావరి జిల్లాల నుంచి ఎందరు స్త్రీలు కువైట్, ఖతార్, ఒమన్ దేశాలకు ఇంటిపనికి, పిల్లల, ముసలివారి సేవకు వెళ్ళారో మనకు తెలియనిది కాదు. తెలంగాణ నుంచి ఇజ్రాయెల్ వెళ్ళి అక్కడి వృద్ధులను చూసుకుంటున్నవారూ ఉన్నారు. నర్సింగు చదివిన మన బిడ్డలు హైదరాబాదుకు, అక్కడి నుంచి గల్ఫుకు, ఐరోపాకు వెళుతున్నారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన లెక్క ప్రకారం లోకంలో నర్సుల కొరత 59 లక్షలు. ధనిక దేశాలు ఆ కొరతను మన ఇళ్ళ నుంచి పూడ్చుకుంటున్నాయి. వెళ్ళినవారిని ఆక్షేపించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. వాళ్ళు పంపే డబ్బుతోనే ఇంట్లో అవ్వకు మందులు వస్తాయి. మందు వేసే చెయ్యి మాత్రం ఇంట్లో ఉండదు.

అప్పుడు ఆ పని ఎవరి మీద పడుతుంది? కోడలి మీద. కోడలు లేకపోతే పెళ్ళికాని కూతురి మీద. చదువు మాన్పించిన మనుమరాలి మీద. మన కుటుంబాల్లో ఎవరూ కూర్చుని పంచిన పని కాదిది. నోరు లేనివారి మీద దానంతట అదే పడిన పని. యెరూషలేము సంఘానికి పంపకం కొరత వచ్చింది, మన ఇళ్ళకు కూడా అదే వచ్చింది.

పని పంచాలంటే ముందు విడదీయాలి అన్నాం కదా. మూడు చేతులుగా విడదీసి చూడండి. మొదటిది నర్సు చెయ్యి. లోతైన పుండుకు కట్టు, యూరిన్ పైపు మార్చడం, ఇంజెక్షను, నొప్పి మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడడం. ఇవి చదువుకున్న చెయ్యే చేయాలి, ఇంట్లోవారు చేయకూడదు. రెండవది ఇంటివారి చెయ్యి. రోగిని రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టడం, ఒళ్ళు తుడిచి పొడిగా ఉంచడం, కూర్చోబెట్టి తినిపించడం. ఇవి ఒకసారి నేర్పితే ఎవరైనా చేయగలరు, మగవారు కూడా. బరువైన మనిషిని పక్కకు తిప్పడానికి కొడుకు భుజాలే ఎక్కువ పనికివస్తాయి. మూడవది పొరుగువారి చెయ్యి. సంతకు వెళ్ళేటప్పుడు మందుల చీటీ తీసుకువెళ్ళడం, కోడలు పొలానికి వెళ్ళివచ్చే రెండు గంటలు రోగి దగ్గర కూర్చోవడం, వాగు దాటడానికి మోటారు సైకిల్ ఇవ్వడం.

మన దగ్గర జరుగుతున్నది తలకిందులుగా ఉంది. దూరం నడిచి వచ్చిన నర్సమ్మ బి.పి. చూసి, మందుల చీటీ రాసి వెళుతుంది. ఆ మందు ఆశా కూడా తెచ్చి ఇవ్వగలదు. ఇంటి కోడలు మాత్రం ఎముక కనబడే పుండుకు పసుపు అద్ది కట్టు కడుతూ ఉంటుంది. అది నర్సు చేతి పని. కొరత ఉన్నమాట నిజమే. ఉన్న కొద్ది చేతులూ తమవి కాని పనుల్లో ఖర్చవుతున్నాయన్నదీ అంతే నిజం.

ఈ మూడు చేతులను కలిపిన అనుభవం మన దేశంలోనే ఉంది. కేరళలోని కోళికోడులో 1993లో కొందరు డాక్టర్లు నొప్పి నివారణ సంఘం ఒకటి ప్రారంభించారు. అక్కడి మెడికల్ కళాశాలలో మొదలైన ఆ పని కొన్నేళ్ళలోనే మలప్పురం జిల్లా పల్లెల్లోకి పాకింది. పొరుగువారే రోగుల పేర్లు రాసుకున్నారు, నర్సును వెంటబెట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు, చందాలు పోగుచేశారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికొక విధానమే ప్రకటించి, పంచాయతీల ద్వారా ఇంటింటి సేవ నడిపించింది. అక్కడ స్వచ్ఛంద సేవకులు నర్సుకు బదులుగా వెళ్ళరు, నర్సుతో కలిసి వెళతారు. నర్సుకు జీతం ఉంటుంది. ఈ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణలో కూడా హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అనుభవంతో జిల్లాల్లో ఆలన అనే పేరుతో ఇంటికి వెళ్ళి నొప్పి తగ్గించే బృందాలు ఏర్పడ్డాయి. మంచి పని. కాని జిల్లాకు ఒక వాహనం అంటే మన అడవి అంచుకు అది ఎన్నాళ్ళకొకసారి రాగలదో పైన చేసిన లెక్కే చెబుతుంది.

దూరాన నెదర్లాండ్స్ దేశంలో 2006లో బ్యూర్ట్‌జోర్గ్ అనే సంస్థ పుట్టింది. ఆ మాటకు పొరుగు సేవ అని అర్థం. అక్కడ నర్సులు 12 మందికి మించకుండా ఒక జట్టుగా ఉంటారు. ఏ ఇంటికి ఎవరు, ఎంతసేపు వెళ్ళాలో పై ఆఫీసు చెప్పదు, జట్టే కూర్చుని నిర్ణయించుకుంటుంది. అది ధనిక దేశం, మనకూ వాళ్ళకూ పోలిక లేదు అనవచ్చు. అయినా ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ ఇంట్లో కోడలు నెలలు నిండి ఉందో కొత్తగూడెంలో కూర్చున్నవారి కంటే మన నర్సమ్మకు, మన ఆశాకు బాగా తెలుసు అన్నది ఇక్కడా సత్యమే కదా.

శ్రీసభ చరిత్రలో దీనికి ఒక గొప్ప ఉదాహరణ మన తెలుగు నేలమీదే ఉంది. ఆస్ట్రేలియాలో 1887లో పుట్టిన డాక్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరుకు వచ్చి జె.ఎం.జె. మఠంలో చేరారు. మఠకన్యలు వైద్యం చేయడానికి శ్రీసభ చట్టం అప్పట్లో అడ్డుగా ఉండేది. ఆమె పోపుగారి ప్రత్యేక అనుమతితో వైద్యం చేశారు. ఆ అడ్డు 1936లో తొలగింది. జిల్లా అంతటికీ ఒక్క మనిషి ఎన్ని ఇళ్ళకు వెళ్ళగలదు? అందుకే ఆమె స్థానిక స్త్రీలకు మందులు ఇవ్వడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం నేర్పించి వారిని తయారుచేశారు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నింటినీ ఒక సంఘంగా కూర్చారు. ఆ సంఘం ప్రధాన కార్యాలయం నేడు సికింద్రాబాదులో ఉంది. ఆమె 1957లో బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ఆమె ఎంతమందికి మందు ఇచ్చారు అన్నదాని కంటే, ఎంతమంది చేతులకు పని నేర్పారు అన్నదే మన పాఠానికి ముఖ్యం.

మన మధ్య ఈనాడు గ్రీకు మాట్లాడే వితంతువులు ఎవరు? కోయ భాష తప్ప మరొకటి రాని అవ్వలు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు. దమ్మపేట మండలం పూసుకుంట వంటి కొండరెడ్ల ఊళ్ళు. కొండరెడ్లు తెలుగే మాట్లాడినా దారి దూరం. నొప్పి ఎక్కడ అని అడిగితే తన భాషలో చెప్పుకోలేని మనిషికి సగం వైద్యం అందనట్లే. ఆ గూడేల ఆడపిల్లలు నర్సింగు చదవడానికి మన పాఠశాలలు, హాస్టళ్ళు ఏం చేస్తున్నాయి అన్న ప్రశ్నను విచారణ సంఘం పెద్దలు తీరిగ్గా చర్చించాలి. కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. డాక్టర్లు తయారవుతారు. పక్క మార్చి పడుకోబెట్టడం నేర్పే బడి మాత్రం మన పక్కన ఇంకా రావాలి.

అంతవరకు ఇంట్లో నేర్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. మంచం పట్టినవారికి నడుము కింది ఎముక, తుంటి, మడమలు, భుజాల వెనుక భాగం రోజూ వెలుతురులో చూడండి. ఎర్రగా కమిలి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నదన్నమాట. ఆ చోట రుద్దకూడదు, దాని మీద బరువు పడకుండా పక్క మార్చాలి. చీము, దుర్వాసన, నల్లదనం, జ్వరం కనబడితే ఇంటి వైద్యం ఆపి నర్సమ్మకు కబురు పెట్టాలి. యూరిన్ సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలి, పైపు ముట్టుకునే ముందూ తరువాతా చేతులు సబ్బుతో కడగాలి. పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి నీళ్ళు పోయకండి. మింగేటప్పుడు పొలమారుతుంటే అది చిన్న విషయం అనుకోవద్దు, డాక్టరుకు చెప్పాలి.

విచారణ స్థాయిలో చేయవలసింది ఒక నోటు పుస్తకంతో మొదలవుతుంది. ఏటా ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగనాడు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం జరుపుకుంటాం. రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో దానిని ఏర్పరచారు, 1993 నుంచి జరుగుతోంది. ఆ రోజు రోగులను గుడికి తీసుకువచ్చి అభ్యంగనం ఇస్తాం. గుడికి తీసుకురాగలిగినవారినే చూస్తున్నామని అప్పుడు మనకు తట్టదు. రాలేనివారి పేర్లు రాయండి, మన విశ్వాసులవే కాదు, గూడెంలో ఉన్న అందరివీ. ఉపదేశిగారు, మరియ సేనాదళం వారు, యువకులు పంచుకుని తిరగవచ్చు. పేరు పక్కన ఏ చెయ్యి కావాలో రాయండి: నర్సుదా, ఇంటివారిదా, పొరుగువారిదా. ఇప్పుడు ఎవరు చూస్తున్నారో రాయండి. సబ్ సెంటరు నుంచి ఆ ఇంటికి నడక ఎన్ని నిమిషాలో రాయండి. ఆ పుస్తకాన్ని పూజ తరువాత ప్రకటనల్లో చదవకండి, జబ్బు సంగతి ఇంటి గుట్టు.

నర్సు చెయ్యి కావలసిన పేర్ల జాబితాను నర్సమ్మకు, ఆశాకు ముందు చూపించండి. వారి మీద ఫిర్యాదుగా కాదు, వారికి ఆసరాగా. తరువాత ఆ నిమిషాల లెక్కతో సహా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు, భద్రాచలం ఐ.టి.డి.ఎ. అధికారులకు వినతిపత్రం ఇవ్వండి. ఖాళీ పోస్టులు నింపమని ఊరికే అడిగిన కాగితానికీ, ఈ గూడెంలో ఇంతమంది ఉన్నారు, నడక ఇన్ని నిమిషాలు, అందుకు ఇన్ని రోజులు కావాలి అని చూపిన కాగితానికీ తేడా ఉంటుంది. పొరుగువారు చేసే పనిని చూపి ప్రభుత్వం తన పోస్టులను తగ్గించుకోకుండా చూడడం కూడా మన పనే.

పుస్తకంలో చివరి గడి వర్షాకాలానికి వదలండి. ఏ ఇల్లు ఏ వాగుకు అవతల ఉంది, వాగు పొంగితే అవతలి ఒడ్డున ఆ రోగిని చూడగలిగినవారు ఎవరు, కట్టు మార్చడం చూసి నేర్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా, వారి ఫోను నంబరు ఎంత. బి.పి., షుగరు, ఫిట్స్ మాత్రలు వాడేవారికి రెండు నెలలకు సరిపడా మందులు డాక్టరును అడిగి, మృగశిర కార్తెకు ముందే వాగు దాటించి పెట్టండి.